పద్నాలుగో గీత

మొదటి షిఫ్టు పైకొచ్చింది. పదమూడు మంది నవ్వుకుంటూ వచ్చారు. పద్నాలుగో మనిషిని ఇద్దరు చంకల కింద చేతులేసి పట్టుకుని తెచ్చారు.

పొద్దుటి నుంచి ఆ పద్నాలుగో మనిషి పార పట్టలేదు, డ్రిల్లు ఎత్తలేదు. కర్రతో గని కప్పు తట్టి చూశాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పాడు. అంతే. అయినా అతని బూట్లు నేల మీద ఈడ్చుకుంటూ రెండు చారలు గీశాయి.

"నలభై ఒకటో రోజు" అని నోటుపుస్తకంలో రాసుకుంది మృదుల.

అతని పేరు గోమాస రాజలింగు. వయసు యాభై నాలుగు. సర్దార్. గనిలో ఒక ముఠాకు పెద్ద అన్నమాట. అతని నుదుటికి నల్లటి పట్టీ ఉంది. మిగతా పదమూడు మందికి బూడిదరంగు పట్టీలు. ఆ పట్టీలు మృదుల తయారుచేసినవి. కంపెనీ కాగితాల్లో వాటికి పెద్ద పేరే ఉంది గానీ, గనిలో వాటిని అందరూ కాడి అనే అంటారు.

విశ్రాంతి హాల్లో రాజలింగును బల్ల మీద పడుకోబెట్టారు. షిఫ్టు అయ్యాక గంటన్నర సేపు ఎవరూ పట్టీ తీయకూడదు, హాలు వదిలి పోకూడదు. పదమూడు మంది ఒళ్లూ కోలుకునేదాకా వాళ్ల అలసట రాజలింగు దగ్గరే ఉండాలి. పడుకుని కోలుకోవలసిన ఆ పదమూడు మందీ మాత్రం క్యారంబోర్డు చుట్టూ చేరారు. అలసట లేనివాడు పడుకోమంటే ఎందుకు పడుకుంటాడు?

పావుగంట గడిచింది. బల్ల మీద రాజలింగు కళ్లు తెరిచాడు.

"ఎవడో బయటికి పోయిండు" అన్నాడు. "బానేశే. వాని నడుము నొప్పి తగ్గింది నాకు."

మృదుల పరుగెత్తింది. పట్టీల మధ్య మాట నూటయాభై మీటర్ల దాకానే వినపడుతుంది. గేటు అవతల సైకిల్ స్టాండులో బానేశ్ సిమెంటు దిమ్మె మీద బోర్లా పడి ఉన్నాడు. చేతిలో కొత్త అగ్గిపెట్టె.

"ఏమైంది బానేశ్?"

"కాళ్లు ఇరిగినట్టయితున్నయ్ మేడం. గేటు దాటంగనే బస్త ఎత్తి నెత్తిన ఏసినట్టయింది."

"ఏసినట్టు గాదు, నీదే, నీకు తిరిగొచ్చింది" అన్నాడు వెనకాలే వచ్చి గేటు ఇవతలే ఆగిన ఓదెలు. ముఠాలో అందరికంటే పెద్దవాడు అతను. కుడి మోకాలు కాస్త ఎత్తి నడుస్తాడు. "లే బిడ్డా, లోపటికి నడువ్. నీ బరువు సర్దార్‌కు అప్పజెప్పి క్యారం ఆడుదువు."

బానేశ్‌ను లోపలికి తెచ్చారు. గేటు దాటగానే వాడి ముఖం విచ్చుకుంది. బల్ల మీద రాజలింగు పెదవి కొరుక్కుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

*

మూడేళ్ల క్రితం హైదరాబాదు ల్యాబులో మృదుల అనుకున్నది వేరు. అలసట కండరంలో మొదలైనా, ఆగమని చెప్పేది మెదడు. ఆ ఒక్క మాటను ఆపేస్తే మనిషి ఎంతసేపైనా పనిచేస్తాడు. ఆపగలిగింది. ల్యాబులో ఒక కుర్ర ఇంజనీరు నాలుగు గంటలు సైకిల్ తొక్కి, విజిలేస్తూ పట్టీ తీశాడు. తీసిన నిమిషంలో కుప్పకూలాడు. అతని మెదడు ఆ నాలుగు గంటల మాటనూ దాచుకుని ఒకేసారి చెప్పింది. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. తిరిగొచ్చాక ఉద్యోగం మానేశాడు.

ఆ మాటను ఎవరో ఒకరు వినాలి. విన్నవాడు ఉంటే మెదడు దాచుకోదు. అది తెలుసుకోవడానికి మృదులకు ఇంకో ఏడాది పట్టింది.

"వినేవాడు ఎవరో మళ్లీ ఆలోచించాలా మేడం?" అన్నాడు గని ప్రొడక్షన్ మేనేజరు చక్రపాణి, మొదటి మీటింగులోనే. "బరువు మోసేవాణ్ణే కదా మనం నాయకుడంటాం."

నలుగురు సర్దార్లు ప్రయత్నించారు. ఒకడు మూడు రోజులకే పట్టీ విసిరికొట్టాడు. ఇంకొకడు తన ముఠా మీద పగ పెంచుకుని, మీరు నెమ్మదిగా పనిచేస్తేనే నాకు హాయి అంటూ అందరినీ ఆపి కూర్చున్నాడు. మిగిలిన ఇద్దరూ వారం తిరగకుండా సెలవు పెట్టారు.

రాజలింగు ఒక్కడే నిలిచాడు. కారణం కనుక్కోవడానికి మృదుల అతని పక్కనే కూర్చుని అడిగింది.

"మోస్తున్న అనుకుంటే మొయ్యలేం మేడం" అన్నాడు. "ఎవనిది ఎంతనో చూస్త. కుడి మోకాలు గుంజితే ఓదెలు. వాన్ని కూసోని చేసే పనిల పెడ్త. భుజం మండితే డ్రిల్లు కాడోడు. పిల్లగాన్ని మారుస్త. నిన్న ఒకనిది ఒంటి అలుపు గాదు. ఇంట్ల ఏదో అయింది వానికి. పక్కకు పిలిచి అడిగిన. తల్లికి బాగలేదట. ఇంటికి తోలిచ్చిన."

మృదుల ఆ పట్టీని బరువు మార్చడానికి చేసింది. అతను దాంతో మనుషుల్ని చదువుతున్నాడు. ముఠాలో చిన్న గాయాలు సగానికి తగ్గాయి. బొగ్గు ఒకటికి ఒకటిన్నర వచ్చింది.

పైన కంట్రోల్ రూములో ఒక తెర ఉంది. దాని మీద పద్నాలుగు గీతలు. పదమూడు మందివి పదమూడు. పద్నాలుగోది రాజలింగు సొంత అలసట. ముప్పై మూడో రోజున ఆ పద్నాలుగో గీత కిందికి దిగింది. ముప్పై ఆరో రోజుకు సున్నా అయింది. మళ్లీ లేవలేదు.

మృదుల ఆ రాత్రే నివేదిక పంపింది. 'నాయకుడి సొంత అలసట: సున్నా. అనుకూలత సంపూర్ణం.' ప్రయోగాన్ని ఇంకో నెల పొడిగిస్తూ సంతకం పెట్టింది. చక్రపాణి ఆ వాక్యాన్ని తనకు నచ్చినట్టు మార్చి ఆఫీసు గోడకు అంటించాడు: 'తన అలసట తెలియనివాడే నాయకుడు.'

*

నలభై అయిదో రోజు సాయంత్రం ఆమె కార్మికుల క్వార్టర్లకు వెళ్లింది. రాజలింగు ఇంటి వెనక గడ్డపార చప్పుడు వినిపిస్తోంది.

"మొక్క పెడ్తున్నడు" అంది శంకరమ్మ, అతని భార్య. "జూడు మేడం, నువ్వే జూడు."

జానెడు జామమొక్క కుండీలో ఉంది. దానికోసం రాజలింగు నడుము లోతు గొయ్యి తవ్వాడు. ఇంకా తవ్వుతున్నాడు. గడ్డపారకు నెత్తురు అంటుకుని ఉంది.

"అరచేతులు పగిలినయ్ గదయ్యా, ఆగరాదు?"

"గింతనే. ఇంకో రెండేట్లు."

"పొద్దుగాల సంది గిదే మాట. పొద్దుగాల అంటే ఐతారం నాడు మేడం. నాలుగు దినాలాయె. డ్యూటీ దిగంగనే గడ్డపార వడ్తడు." శంకరమ్మ గుమ్మం మీద చతికిలబడింది. "మొదటి నెల ముద్ద గూడ నేనే వెట్టిన. చెయ్యి లేవకపోతుండె. గప్పుడు ఏడ్సిన. ఇప్పుడు ఏమో మనిషి కూసుంటలేడు. రాత్రి రెండు గంటలు పంటున్నడు, లేస్తున్నడు. మా ఇంటాయన అలుపు ఎటువోయింది మేడం?"

మృదుల ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి. నాలుగు నెలలుగా సరిగా నిద్రపోని మనిషి కూడా. "హుషారుగా ఉన్నారు కదమ్మా. మంచి సంకేతమే" అంది.

శంకరమ్మ ఆమెను కాసేపు చూసి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

రాజలింగు గొయ్యిలో నుంచే మాట్లాడాడు. "మేడం, ఒక్కటి అడుగుదామనుకుంటున్న. మా పోరగాండ్లు దమ్ము తీసుకుంటలేరు."

"అంటే?"

"ముందుగాల గట్ల గాకపోయేది. మందు పేల్చి, బొగ్గు ఎత్తి, కప్పుకు బోల్టులేసినంక అందరికి ఒళ్లు అలిసేది. మెషిన్లు బంద్ జేసి పది నిమిషాలు కూసునేటోళ్లం. ఒక్కడు మాట్లాడకపోయేది, ఓపిక ఉంటే గద. దాన్ని దమ్ము అంటం. గా పది నిమిషాలే కప్పు మాట్లాడుతది."

"కప్పు మాట్లాడటం ఏమిటి?"

"పైన బరువు దిగుతాంటే రాయి చప్పుడు జేస్తది. సన్నగ. పొయ్యిల ఉప్పు గల్లు ఏసినట్టు. మెషిన్ నడుస్తాంటే ఎవనికి ఇనబడది. నేను కర్రతోని తట్టి చూస్త, డొల్లనా గట్టినా తెలుస్తది. కని చెయ్యి లేస్తే గద. పదిసార్లు తట్టేకాడ నాలుగుసార్లు తడ్తున్న."

"ఆగమని మీరే చెప్పొచ్చు కదా. మీరు సర్దార్."

రాజలింగు గడ్డపార ఆపకుండానే నవ్వాడు. "చెప్తే ఏమంటున్నరో ఎర్కనా? 'నువ్వు అలిసిపోయినవ్ సర్దార్, నువ్వు కూసో, మేం జేస్తం' అంటున్నరు. నన్ను చూస్తే గట్లనే కనబడ్త మరి."

మర్నాడు మృదుల చక్రపాణిని అడిగింది. షిఫ్టులో మూడుసార్లు, పదేసి నిమిషాలు మెషిన్లు ఆపాలని.

చక్రపాణి చెడ్డవాడు కాదు. అతని కళ్ల కింద కూడా నల్లటి వలయాలున్నాయి. "మేడం, ఆగకుండా పనిచేయడం కోసమే కదా ఇదంతా తెచ్చాం. ఇప్పుడు ఆగడం కోసం నేను పైకి రాయాలా? ఎవరు అలిసిపోయారని రాయను?"

వాదించే ఓపిక లేక మృదుల లేచి వచ్చేసింది.

*

అరవై రెండో రోజు. పన్నెండు గంటల నలభై నిమిషాలు.

కంట్రోల్ రూములో రెండు నల్లటి ఫోన్లున్నాయి. ఒకటి బొగ్గు తీసేచోటు దగ్గరి ఫోనుకు, రెండోది జంక్షన్ ఫోనుకు. జంక్షన్ అంటే బొగ్గు తీసేచోటు నుంచి నూటముప్పై మీటర్లు ఎగువకు నడిస్తే వచ్చే నాలుగు దారుల కూడలి. అక్కడ కప్పుకు ఉక్కు దూలాలున్నాయి. అక్కడికి చేరితే బతికినట్టే.

మొదటి ఫోను మోగింది.

"మేడం, కప్పు మంచిగ లేదు." రాజలింగు గొంతు ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. వెనక లోడింగ్ మెషిన్ రొద. "కర్రకు డొల్లగ తాకుతాంది. మనుషుల్ని తీసుకొస్త."

మృదుల తెర చూసింది. పదమూడు గీతలూ పైఅంచు తాకుతున్నాయి. అంత బరువు కింద ఏ మనిషికైనా ప్రపంచమంతా కూలుతున్నట్టే ఉంటుంది. ఆ పరిస్థితికి ఆమె నివేదికలో ఒక పేరు కూడా పెట్టింది.

"మీ మీద లోడు చాలా ఉంది రాజలింగు గారూ. ఒక పావుగంట కూర్చోండి. నేను సార్‌తో మాట్లాడతాను."

"నువ్వు గూడ గదే మాట అంటివా బిడ్డా" అన్నాడు రాజలింగు.

ఫోను పెట్టలేదు. వదిలేశాడు. రిసీవరు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు. కర్ర ఆసరాతో నడుస్తున్న అడుగులు. ఒకటి. చాలా సేపటికి ఇంకొకటి. తరవాత పెద్ద స్విచ్చు పడిన చప్పుడు.

మెషిన్ ఆగిపోయింది.

"ఏంది సర్దార్, మెషిన్ ఆపినవా?" బానేశ్ గొంతు. "అలిసినవంటే కూసో గని..."

"నోరు ముయ్. అందరు నోరు ముయ్యిండ్రి. ఒక్క నిమిషం."

నిశ్శబ్దం. అరవై రెండు రోజుల్లో మొదటిసారి ఆ చోట నిశ్శబ్దం. పైన గదిలో మృదుల రిసీవరు చెవికి అదుముకుంది. ఆమెకు కూడా వినిపించింది. సన్నగా, చిటచిటమని. పొయ్యిలో ఉప్పు గల్లు వేసినట్టు. దాని వెనకే కట్టె విరిగిన చప్పుడు.

"ఉర్కుండ్రి" అన్నాడు రాజలింగు. అరవలేదు. మామూలుగానే అన్నాడు.

బూట్ల చప్పుడు. అలసట ఎరగని పదమూడు జతల కాళ్లు ఎగువకు పరుగెత్తాయి. మృదుల సైరన్ మీట నొక్కి తెర ముందుకు వచ్చింది.

జంక్షన్ దాటి ఇరవై మీటర్లు పోతే పట్టీల మాట వినపడదు. దాటినవాడి గీత తెర మీద ఆరిపోతుంది. వాడి అలసట వాడికి చేరుతుంది. రాజలింగు మీద ఆ మేరకు తగ్గుతుంది. పదమూడు. పన్నెండు. పదకొండు. ఆమె లెక్కపెడుతోంది. ఎనిమిది. ఏడు. అయిదు.

అయిదు దగ్గర ఆగింది.

ఆమె రెండో ఫోను తిప్పింది. చాలాసేపు మోగాక ఓదెలు ఎత్తాడు.

"ఎనిమిది మంది దాటి పడిపోయిన్రు మేడం. పిలిస్తే పలుకుత లేరు, గంత అలిసిన్రు. మేం అయిదుగురం జంక్షన్ల ఉన్నం. తలలు లెక్కవెట్టిన. సర్దార్ లేడు. లోపటికి పోతున్నం."

"వద్దు. ఓదెలన్నా, వద్దు. మీరు అక్కడున్నంత సేపూ మీ అయిదుగురి బరువూ ఆయన మీదే ఉంటుంది. ఆయన లేవలేడు. మీరు జంక్షన్ దాటి అవతలికి పోతే ఆయనే లేచి వస్తాడు."

"గని బాయిల ఒక్కన్ని ఇడిశి పైకి రావద్దు మేడం. మా తాతల నాటి మాట. ఇడిశి అవుతలికి పొమ్మంటవా?"

"ఆయన కోసమే."

"నలుగురం వట్టి మోసుకొస్తే అయిపోతది. మాకేం అలుపు లేదు."

మృదుల చేయి తెర కింది ఎర్ర మీట మీదికి పోయింది. అది నొక్కితే పట్టీల మధ్య మాట ఆగిపోతుంది. రాజలింగు తేలికవుతాడు. కానీ ఓదెలు ఫోనులో ఉన్నా, మిగతా నలుగురూ అప్పటికే లోపలికి దిగి ఉంటే, ఆరు గంటల అలసట ఒక్కసారిగా మీదపడి ఆ కప్పు కిందే కూలబడతారు. దిగారో లేదో ఇక్కడి నుంచి కనపడదు. ఆమె చేయి వెనక్కి తీసింది.

మొదటి రిసీవరులో ఊపిరి వినిపించింది. రాజలింగు ఫోను దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు.

"మేడం, వీళ్లు పోతలేరు గదా. ఓదెలు మోకాలు తెలుస్తాంది నాకు."

మృదుల రెండు రిసీవర్లనూ తీసి, ఒకదాని నోరు రెండోదాని చెవికి ఆనేటట్టు తలకిందులుగా కలిపి, రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి ఆ మాటలు ఆమెకు వినపడ్డాయి.

"ఓదెలూ."

"సర్దార్. వస్తున్నం."

"రావద్దు. దమ్ము టైం అయింది."

రాజలింగే మళ్లీ అందుకున్నాడు.

"రెండు నెలల సంది చెప్తున్న, ఒక్కనాడు ఇనలేదు మీరు. ఇయ్యాల ఇనుండ్రి. జంక్షన్ దాటి ఇరవై మీటర్లు పోయి కూసోండ్రి. అందరు. పది నిమిషాలు."

"నిన్ను మోసుకొస్తం సర్దార్. రెండే నిమిషాలు."

"నన్ను మోసుడు గాదురా. మీ అలుపు మీరు మోసుకోండ్రి. గది చాలు నాకు."

పైన ఏదో పెళపెళమంది. రెండు ఫోన్లలోనూ వినిపించింది. ఆ గోలలో బానేశ్ ఏడుపు గొంతు, తరవాత దూరమవుతున్న బూట్లు.

తెర మీద నాలుగు. మూడు. రెండు. ఒకటి.

ఒకటి అలాగే ఉంది. ఆ గీతలో మధ్యమధ్య చిన్న వంపు. కుడి మోకాలు.

"నీ ఒక్కనిదే ఉన్నది ఓదెలూ. ఫోను పెట్టు."

"పెడితే మళ్లా..."

"నాకంటె మూడేండ్లు పెద్దోనివి. నేను ఎన్నడన్న నిన్ను బతిలాడిన్నా? ఇప్పుడు బతిలాడుతున్న. పెట్టి నడువ్. కుంటుకుంట నడిచినా మంచిదే."

క్లిక్.

మృదుల తెర చూస్తూ నిలబడింది. ఆ గీత ఒంగుతూ, లేస్తూ, ఒంగుతూ, ఆరిపోయింది. పైకి వస్తూ అతను వాళ్లకు దగ్గరైతే ఆ బరువు మళ్లీ మీదపడకుండా, ఆమె ఇప్పుడు ఎర్ర మీట నొక్కింది. ఇప్పుడు తెర మీద ఏమీ లేదు. పద్నాలుగో గీత ఎప్పటిలాగే అడుగున, సున్నా దగ్గర. బతికున్న మనిషి గీత అది. పోయిన మనిషి గీత కూడా అచ్చం అలాగే ఉంటుందని ఆమెకు ఆ క్షణం వరకు తోచలేదు.

నేల కంపించింది. బల్ల మీద గాజుగ్లాసు అంచుకు జరిగింది. మొదటి ఫోను చచ్చిపోయింది.

తలుపు తోసుకుని చక్రపాణి వచ్చాడు. తెర చూశాడు, ఆమె ముఖం చూశాడు.

ఎంతసేపో తెలియదు. రెండో ఫోను మోగింది.

"మేడం, పద్నాలుగు" అన్నాడు రాజలింగు. "లెక్కవెట్టిన. పద్నాలుగు తలలు. మావోళ్లు పండుకున్నరు. నీళ్లు, స్ట్రెచర్లు తోలియ్యిండ్రి."

"మీరు? మీరెలా ఉన్నారు?"

"నాకేమైంది? ఉరికొచ్చిన."

నూటముప్పై మీటర్ల ఎగువదారి. యాభై నాలుగేళ్ల మనిషి. ఆరు గంటల షిఫ్టు. ఫోనులో అతని ఊపిరి కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది, గొంతులో మాత్రం అలసట జాడ లేదు. ఊపిరి ఒకటి చెబుతోంది, మనిషి ఒకటి చెబుతున్నాడు.

మృదుల మళ్లీ తెర వైపు తిరిగింది. సున్నా. ఆమెకు నడుము లోతు గొయ్యి గుర్తొచ్చింది. గడ్డపారకు అంటుకున్న నెత్తురు గుర్తొచ్చింది. శంకరమ్మ ప్రశ్న గుర్తొచ్చింది.

పదమూడు మంది మాట వినీ వినీ, అతని మెదడు తన మాట తాను వినడం మానేసింది. ఆ సంగతి ఇరవై ఆరు రోజులుగా ఈ తెర మీదే ఉంది. దాని కింద ఆమె 'సంపూర్ణం' అని రాసింది.

*

డాక్టర్లు మూడు వారాలు చూశారు. అలసట తెలియడం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అలసట తెలియని ఒళ్లు ఆగాల్సినచోట ఆగదని, గుండె ఏదో ఒకనాడు చెప్పకుండా ఆగిపోతుందని శంకరమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. ఆమె ఏడవలేదు. "అయితే ఎవలో ఒకలు చెప్పాలె గంతేనా" అంది.

చక్రపాణి మృదులను ఆఫీసుకు పిలిచాడు. గోడ మీది కాగితం చింపేశాడు గానీ నాలుగు మూలలా టేపు ముక్కలు మిగిలే ఉన్నాయి.

"హెడ్డాఫీసు అడుగుతోంది మేడం. ముప్పై రోజులకు మించి వాడితేనే కదా ఆ సమస్య? నెలకొక నాయకుణ్ణి మారిస్తే సరిపోతుందేమో కదా అంటున్నారు."

"మీరేమన్నారు?"

"నేను అడగడం నా డ్యూటీ. అడిగాను." అతను కళ్లు రుద్దుకున్నాడు. "మీరు కాదంటారని కూడా చెప్పాను."

ప్రయోగాన్ని ఆపే సంతకం ఆమెదే. పెట్టింది. ఇంకెవరో, ఇంకెక్కడో మళ్లీ మొదలుపెడతారని ఆమెకు తెలుసు. అందుకే నివేదిక కూడా మొదటి నుంచి మళ్లీ రాసింది. తన మొదటి నివేదికలోని వాక్యాన్ని యథాతథంగా ఎత్తి, దాని కింద జరిగింది రాసింది. కంపెనీ దాన్ని ఏం చేసినా నాలుగు పత్రికలకు మాత్రం తనే పంపింది. ల్యాబు ఖాళీ చేయడానికి పదిహేను రోజులు పట్టింది.

ఆ తరవాతి ఆదివారం సాయంత్రం ఆమె క్వార్టర్ల దారి పట్టింది.

ఇంటి వెనక గొయ్యి ఎవరో పూడ్చారు. జామమొక్క నాటి ఉంది. చుట్టూ పెరడంతా మళ్లు కట్టి ఉంది, గోంగూర, బెండ, టమాట. రాజలింగు ఇంకో మడి చెక్కుతున్నాడు. అరుగు మీద బానేశ్ కూర్చుని చేతిగడియారం చూసుకుంటున్నాడు.

"ఇయ్యాల నా వంతు మేడం" అన్నాడు. "దినానికొకలం. పదమూడు మందిమి గద, రెండు వారాలకోసారి వస్తది. నిన్న ఓదెలన్న వంతు. గడియారం లేకున్నా మోకాలు చూసి చెప్తడు ఆయన."

"వింటున్నారా?"

"మొదట్ల ఇనలే. నాకేం అలుపు లేదు పోరా అన్నడు. మేం గూడ గదే అంటుంటిమి గదా సర్దార్ అన్నం." బానేశ్ లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "సర్దార్. దమ్ము."

రాజలింగు పార ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. దాన్ని కింద పెట్టి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. శంకరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, అతని పక్కనే కూలబడింది. మృదులకు కూడా చోటు జరిపారు. ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడో ఒక ఇంట్లో కుక్కరు కూత పెట్టింది. ఎండ గోడ మీద నుంచి దిగిపోతోంది.

కూర్చున్నాక తెలిసింది మృదులకు. మెడ దగ్గర మొదలై వెన్నులోకి, కాళ్లలోకి దిగింది. మూడేళ్లది. ఎవరికీ అప్పజెప్పడానికి వీల్లేనిది. ఆమె గోడకు ఆనుకుంది.

"అయిందా?" అన్నాడు రాజలింగు కాసేపటికి.

"రెండు నిమిషాలున్నది సర్దార్."

అతను తలూపాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, మంచి పిల్లాడిలా ఆ రెండు నిమిషాలూ కూర్చున్నాడు.

బానేశ్ గడియారం చూసి సరే అన్నాక, మృదుల లేవబోయింది. రాజలింగు ఆమె వైపు చూశాడు. అతని నుదుటి మీద పట్టీ లేదు, పట్టీ గుర్తు మాత్రం ఇంకా ఉంది.

"నీకు పది నిమిషాలు సాలవు బిడ్డా" అన్నాడు. "కూసో."